సాక్చి దాటితేనే మసి కాలేది

లారీలకు నో ఎంట్రీ ఎత్తేశారు. జంషెడ్‌పూర్‌లో సాక్చి గోల్‌చక్కర్ చుట్టూ లారీలు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. కదులుతున్నాయనడం కూడా ఎక్కువే. మీరు క్లీనర్ సీట్లో ఉన్నారు. వెనక ఉక్కు కాయిల్స్, చేరాల్సింది విశాఖపట్నం. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ఊళ్లో బోలెడు. మీ డ్రైవరు అలాంటి ఇంటి మనిషే. పుట్టింది కద్మాలో, యాస మాత్రం టెక్కలిది.

డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలిగింది. డబ్బా బొమ్మ, అందులో చుక్కలు.

"ఇదిగో, మొదలెట్టింది."

"ఏమైందన్నా?"

"ఏటీ అవలేదు బాబూ. మసి నిండింది, కాల్చుకుంటానంటోంది. ఇక్కడెలా కాల్తాది?"

నిజమే. సాయంత్రం నుంచి బండి లోడింగ్ వరుసలో ఇంజిన్ ఆన్‌లోనే నిలబడి ఉంది. ఊరికే తిరిగే డీజిల్ ఇంజిన్ పొగ రెండొందల డిగ్రీలు కూడా అందుకోదు. మసి గాలిలోని ఆక్సిజన్‌తో కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీలు కావాలి. ఆ వేడి అందనివ్వనిది ఈ ఊరే. 1908లో ఉక్కు కర్మాగారం కట్టడం మొదలైంది ఇదే సాక్చి పల్లెలో. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది. 1954 నుంచి ఇక్కడి టెల్కో ఫ్యాక్టరీలో లారీలు తయారవుతున్నాయి. లారీలను కనే ఊరే వాటిని ఇలా నిలబెట్టి మసి పట్టిస్తుంది.

మాంగో వంతెన మీద సువర్ణరేఖ గాలి కిటికీలోంచి కొడుతుంది. ఈ వేగానికీ లైటు ఆరదు. డిమ్నా చౌక్‌లో హైవే ఎక్కి, కాస్త దూరం పోయాక డ్రైవరు బండి పక్కకు తీస్తాడు. మసి కాల్చే స్విచ్ వెంటనే నొక్కడు. దిగి, టార్చి వేసి, సైలెన్సర్ వైపు నేలంతా వెతుకుతాడు. చైత్రమాసం, సాల చెట్ల ఎండుటాకులు గుట్టలుగా రాలి ఉన్నాయి. బండిని ఇరవై అడుగులు ముందుకు, గులకరాళ్ల నేల మీదికి తెచ్చి అప్పుడు న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేకు వేస్తాడు. స్విచ్ కాసేపు అదిమి పట్టుకుంటాడు.

యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేదు. అయినా ఇంజిన్ దానంతటదే నిమిషానికి వెయ్యి చుట్లు దాటి గుర్రుమంటుంది. ఇంకో లైటు వెలుగుతుంది: పొగ వేడిగా ఉంది, జాగ్రత్త.

కిందికి దిగి చూడండి, కానీ పొగ గొట్టం దగ్గరికి పోకండి. ఛాసిస్ పక్కన ఉన్న పెద్ద ఇనుప డబ్బాలో ముందు ప్లాటినం పూసిన దిమ్మ ఉంటుంది. ఇప్పుడు పొగలోకి కొంచెం డీజిల్ వెళ్తోంది. అది ఆ దిమ్మ మీద మంట లేకుండానే కాలి పొగను ఆరొందల డిగ్రీల దగ్గరికి తెస్తుంది. దాని వెనకే మసిని వడగట్టే డీపీఎఫ్: తేనెపట్టులాంటి పింగాణీ గళ్లు. ఒక గడికి వెనక మూత, పక్క గడికి ముందు మూత. పొగకు గోడలోంచి దూరి పోవడం తప్ప దారి లేదు. మసి గోడకు అంటుకుని నిలిచిపోతుంది. రెండు వైపులా పీడనం ఎంతో సెన్సర్ చూస్తుంటుంది. తేడా పెరిగితే మసి నిండిందని అర్థం. ఆ మసే ఇప్పుడు కార్బన్ డయాక్సైడై పోతోంది.

అరగంట దాకా పట్టవచ్చు. వేడి లోహపు వాసన. డ్రైవరు దూరంగా నిలబడి బీడీ వెలిగిస్తాడు.

"పాత బండ్లయితే ఘాట్ ఎక్కుతుంటే ఎనకోడి మొకం నిండా నల్లపొగే. ఇప్పుడు గొట్టంలో ఏలెట్టినా మసి అంటదు. కానీ తొందరున్నోడు దీన్ని మజ్జిలో ఆపేస్తాడు. రెండుసార్లు, మూడుసార్లు. ఆనక బండి లాగదు."

ఆపితే జరిగేది అదే. మసి పేరుకుంటుంది, కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గిస్తుంది, చివరికి వర్క్‌షాప్‌కు తీసుకెళ్లక తప్పదు. ఎక్కువైన మసి ఒక్కసారిగా అంటుకుంటే పింగాణీ పగులుతుంది. విసిగిపోయి లోపలి డీపీఎఫ్ పీకేసి ఖాళీ డబ్బా బిగించుకునే వాళ్లూ ఉన్నారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చింది, డీజిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం నుంచి 10కి దించారు. గంధకం దించడానికి ఒక కారణం డీపీఎఫ్ ముందున్న ప్లాటినం పాడవకుండా ఉండాలని. ఆ డీపీఎఫ్‌ను రోడ్డు పక్క గుంతలో పారేయడం చూస్తే ఒళ్లు మండుతుంది.

లైట్లు ఆరాయి. ఇంజిన్ నెమ్మదించింది.

గాలూడీ, ఘాట్‌శిలా వైపు రోడ్డు ఖాళీ. నిండు లోడు లాగుతుంటే పొగ మూడొందల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ప్లాటినం దిమ్మ పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. అది తక్కువ వేడిలోనే మసిని తినేస్తుంది. ఏ లైటూ వెలగదు, అదనపు డీజిలూ పోదు. బరువు మోసే లారీకి పరిగెత్తడమే చాకిరేవు. బహరాగోడా, బారిపదా మీదుగా బాలేశ్వర్ దాకా ఇలాగే పోతే స్విచ్ పనే ఉండదు.

"అయితే ఇక ఎప్పటికీ శుభ్రమేనా అన్నా?"

"మసి కాల్తాది గానీ బూడిద ఎక్కడికెల్తాది?"

ఇంజిన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింకు కాలవు. బూడిదై గళ్ల అడుగున చేరుతాయి. ఏ వేడికీ పోవు. లక్షల కిలోమీటర్లు తిరిగాక డీపీఎఫ్ విప్పి, గాలి కొట్టి దులపాల్సిందే. అందుకే తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ పోయమంటారు.

"మొన్న ఓనరు చవక డబ్బా తెచ్చి పొయ్యమన్నాడు," అంటాడు గేరు మారుస్తూ. "నాను పొయ్యనన్నాను."

"ఊరుకున్నాడా?"

"ఊరుకుంటాడా? ఎక్కువైన డబ్బులు నా జీతంలో కోస్తానన్నాడు. సూద్దాం."