శ్రుతి నిలిపే వలయం: డెల్టా రేడియో నుంచి చేతి ఫోను దాకా

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు ప్రారంభించిన తరువాత, ధవళేశ్వరానికి దిగువన గౌతమీ వసిష్ఠ పాయల నడుమ ఉన్న ఆత్రేయపురం మొదలుకొని సముద్రతీరం దాకా గోదావరి డెల్టా పల్లెలకు తెలుగు రేడియో అంటే ప్రధానంగా ఆ కేంద్రమే అయింది. ఆ ప్రసారాల చరిత్రలో గాయకులకు, నాటక ప్రయోక్తలకు, వార్తలు చదివినవారికి చోటు దక్కింది. ఆ గొంతులు చెదరకుండా వినిపించటానికి పెట్టె లోపల జరిగిన పనికి మాత్రం దక్కవలసిన చోటు దక్కలేదు.

ఆ పని పౌనఃపున్యాన్ని, అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్కను, కదలకుండా నిలిపి ఉంచటం. సూపర్‌హెటరోడైన్ రేడియో తనకు అందిన తరంగాన్ని తనలోనే పుట్టించుకున్న మరొక తరంగంతో కలిపి, రెంటి భేదమైన ఒక స్థిర పౌనఃపున్యానికి మారుస్తుంది; ఆ రెండో తరంగాన్ని పుట్టించే వలయమే ఓసిలేటర్. భేదం 455 కిలోహెర్ట్జ్‌గా ఉండే సెట్టులో, 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ పలకాలంటే ఓసిలేటర్ 1292 వద్ద నిలవాలి. దానిని అక్కడికి చేర్చేవి గ్యాంగ్ కండెన్సర్ పలకలు, వాటిని తిప్పే డయల్ దారం, శ్రోత వేళ్ళు. సెట్టు వేడెక్కిన కొద్దీ ఓసిలేటర్ అటో ఇటో జరిగేది, మరమీటను మళ్ళీ సవరించవలసి వచ్చేది.

క్వార్ట్జ్ స్ఫటికం ఈ చలనాన్ని అరికట్టగలదని 1920ల నాటికే తేలింది. అయితే ఒక స్ఫటికం ఒక్క పౌనఃపున్యాన్నే ఇస్తుంది కనుక, ఎన్ని కేంద్రాలు పట్టాలంటే అన్ని స్ఫటికాలు కావాలి. ఈ చిక్కుకు విరుగుడైన ఫేజ్-లాక్డ్ లూప్ భావనను ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ ద బెల్‌సీజ్ 1932లో ప్రకటించాడు. కదిలే ఓసిలేటర్ దశను, అనగా తరంగం తన ఆవృత్తిలో ఏ క్షణాన ఎక్కడ ఉన్నదన్న స్థితిని, కదలని ఆధారంతో అనుక్షణం సరిపోల్చి, వచ్చిన తేడాతోనే ఓసిలేటర్‌ను సరిచేసే ఏర్పాటు అది. సెకనుకు 15,625 గీతలు గీసిన పాత టెలివిజన్ తెరను ప్రసారంతో కలిపి నడిపినది కూడా ఇటువంటి వలయమే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1975-76 నాటి ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగానికి పల్లెలలో పెట్టిన సెట్లను తయారుచేసింది. ఎలక్ట్రానిక్స్‌ను దిగుమతి సరుకుగా కాక స్వదేశీ వృత్తిగా నిలబెట్టటంలో ఆ డెల్టా బిడ్డ పాత్ర ఎంత చెప్పినా తక్కువే.

వలయంలో ఓసిలేటర్ కంపనాలను లెక్కించి భాగించే డివైడర్‌ను చేర్చితే అది ఫ్రీక్వెన్సీ సింథసైజర్ అవుతుంది. 1975 జెనీవా ఒప్పందం 1978 నవంబరులో అమలైన తరువాత మన దేశపు మీడియం వేవ్ కేంద్రాలు 9 కిలోహెర్ట్జ్ ఎడంలో కుదురుకున్నాయి. స్ఫటికం నుంచి ఆ 9ని తీసి, భేదాన్ని 450గా పెట్టుకున్న సెట్టులో విజయవాడకు ఓసిలేటర్ 1287 వద్ద ఉండాలి, అది 9కి సరిగ్గా 143 రెట్లు. 927 మీద పలికే విశాఖపట్నానికి 153 రెట్లు. దారం తిప్పిన చేతి పనిని ఒక సంఖ్య అందుకోవటం ఈ చరిత్రలో అసలైన మలుపు.

ఆ మలుపులోనే ఒక వైరుధ్యం దాగి ఉంది. ఒక పౌనఃపున్యానికీ మరొకదానికీ నడుమ ఉండే మెట్టు ఎంత చిన్నదైతే, ఆధారంతో పోలిక అంత అరుదుగా జరుగుతుంది కనుక వలయం కొత్త స్థానంలో కుదురుకోవటానికి అంత ఆలస్యమవుతుంది. తొందరపెడితే, బొబ్బర్లంక వద్ద మధ్య డెల్టా కాలువ తలుపులు ఒక్కసారిగా ఎత్తినప్పుడు నీటి మట్టం ఊగిసలాడినట్లు, పౌనఃపున్యం ఊగుతుంది. సవరింపును చిన్నచిన్న విద్యుత్ మోతాదులుగా అందించే ఛార్జి పంపు వలయాలలో ఈ హద్దును ఫ్లాయిడ్ గార్డ్‌నర్ 1980లో గణితంగా నిరూపించాడు. కేంద్రం మారేటప్పుడు కలిగే స్వల్ప ఆలస్యం రేడియో శ్రోతకు పట్టదు. కానీ చేతి ఫోనులోని బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు పౌనఃపున్యం మార్చుకుంటుంది. 625 మైక్రోసెకన్ల గడువులో సమాచారానికి 366 పోగా, కుదురుకోవటానికి మిగిలేది 260 కంటే తక్కువ.

భాజకాన్ని పూర్ణసంఖ్యకు కట్టివేయకుండా, ఒకసారి 143, మరొకసారి 144 అంటూ మార్చి సగటున భిన్నాన్ని సాధించటం ఈ వైరుధ్యం నుంచి బయటపడటానికి దారి చూపింది. మెట్టు చిన్నదిగా ఉంటూనే పోలిక తరచుగా జరుగుతుంది. అయితే ఆ మార్పిడి ఒక క్రమంలో సాగితే అవాంఛిత తరంగాలు పుడతాయి. ఆ క్రమాన్ని చెదరగొట్టి, దోషాన్ని వలయం వడకట్టగల ఎగువ పౌనఃపున్యాలకు నెట్టే డెల్టా-సిగ్మా పద్ధతిని రైలీ, కోప్‌లాండ్, క్వాస్నియెవ్‌స్కీ 1993లో వివరించారు. మిగిలిన రొదను ముందుగానే లెక్కగట్టి రద్దుచేసే పద్ధతిని సుధాకర్ పామర్తి, లార్స్ జాన్సన్, ఇయాన్ గాల్టన్ 2004లో ప్రచురించారు. వలయం ఎంత వేగపు మార్పులను అనుసరించగలదో తెలిపే పట్టీ వెడల్పు అందులో 460 కిలోహెర్ట్జ్. 2402 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే బ్లూటూత్ 79 మార్గాలకూ అది పనికివచ్చింది.

విద్యుత్ పొదుపు కథ ఈ వేగపు కథ నుంచి వేరు కాదు. అత్యధిక వేగంతో నడిచే ఓసిలేటర్, దాని వెంటనే ఉండే మొదటి డివైడర్ సాధారణంగా సింథసైజర్‌లో ఎక్కువ విద్యుత్తు తాగుతాయి; పెద్ద బ్యాటరీకి చోటు లేని పరికరం ఎక్కువ కాలం నిద్రపోయి, క్షణకాలం మేల్కొని మాట్లాడుతుంది. మేల్కొన్న వలయం కుదురుకునే దాకా ఖర్చయ్యే విద్యుత్తు ఏ సమాచారాన్నీ మోయదు కనుక, త్వరగా కుదురుకోవటమే పొదుపు అవుతుంది. అందుకే రూపకర్తలు కుదురుకునే దశలో ఛార్జి పంపు ప్రవాహాన్ని పెంచి ఆ తరువాత తగ్గిస్తారు, ఒక్కొక్క మార్గానికి ఓసిలేటర్ ఏ కండెన్సర్లతో దగ్గరగా పలుకుతుందో ముందే కొలిచి ఆ కండెన్సర్ల ఎంపికను తెలిపే సంకేతాన్ని చిప్పులోనే దాచి ఉంచుతారు. మేల్కొన్న వెంటనే వలయం ఆ సంకేతం నుంచి మొదలై, ఉష్ణోగ్రత వల్ల వచ్చిన కొద్ది తేడాను మాత్రమే సవరించుకుంటుంది.