నాడీశాస్త్రంలో వేసవి పరిశోధన శిక్షణ

డిగ్రీ విద్యార్థులు వేసవి సెలవుల్లో, సాధారణంగా 8 నుంచి 10 వారాలు, ఒక ప్రయోగశాలలో చేరి మెదడు, నాడీ వ్యవస్థలపై పరిశోధన నేర్చుకునే పద్ధతి ఇది. తొలుత గురువుల పరిచయంతో దొరికిన ఈ అవకాశం, 1950ల చివరి నుంచి ప్రజాధనంతో, దరఖాస్తుల ద్వారా ఎంపిక జరిగే వ్యవస్థగా మారింది.

పూర్వరంగం

నేపుల్స్‌లో 1872లో, అమెరికాలోని వుడ్స్ హోల్‌లో 1888లో సముద్ర జీవశాస్త్ర కేంద్రాలు వెలిశాయి. విశ్వవిద్యాలయ ఆచార్యులు సెలవుల్లో అక్కడికి వచ్చి పనిచేసేవారు. 1930లలో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.జెడ్. యంగ్ స్క్విడ్ అనే సముద్రజీవిలోని భారీ నాడీతంతువు ప్రాముఖ్యాన్ని చాటాక నాడీశాస్త్రానికి ఇలాంటి తీర కేంద్రాలు కీలకమయ్యాయి. ఆ తంతువు సుమారు అర మిల్లీమీటరు మందం ఉండటంతో అందులోకి ఎలక్ట్రోడ్‌ను పంపడం సాధ్యమైంది. 1939 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో అలన్ హాడ్జ్‌కిన్, ఆయన విద్యార్థి ఆండ్రూ హక్స్‌లీ ఈ పద్ధతిలో నాడీ సంకేతాన్ని తంతువు లోపలి నుంచి నమోదు చేశారు. హక్స్‌లీకి అప్పుడు 21 ఏళ్లు. యుద్ధం వల్ల ఆగి, తర్వాత కొనసాగిన ఆ కృషికి 1963లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రభుత్వ నిధులు

సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ప్రయోగం తర్వాత అమెరికా విజ్ఞాన విద్యపై ఖర్చు పెంచింది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1958లో డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు ఒక పథకం మొదలుపెట్టింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల వేసవి కార్యక్రమం 1959 నాటిది. ఫౌండేషన్ పథకం 1980ల ఆరంభంలో నిధుల కోతకు గురై ఆగిపోయింది. 1987లో ఆర్‌ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) పేరుతో కొత్త పథకం వచ్చింది. ఇందులో విద్యార్థులకు భృతి ఇస్తారు. అయితే ఆ నిధులు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం. విద్యార్థి వీసాపై అక్కడ డిగ్రీ చదివే తెలుగువారు వాటికి అర్హులు కారు.

నాడీశాస్త్రం 1969లో సొంత సంఘంతో (సొసైటీ ఫర్ న్యూరోసైన్స్) ప్రత్యేక రంగంగా నిలిచింది. డిగ్రీ స్థాయి బోధకుల సంఘం 1991లో ఏర్పడింది. పరిశోధన రంగంలో తక్కువ ప్రాతినిధ్యమున్న వర్గాల విద్యార్థుల కోసం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2010లో ఎండ్యూర్ పథకాన్ని ప్రారంభించాయి.

భారతదేశంలో

ఎంబీబీఎస్ విద్యార్థులకు భారతీయ వైద్య పరిశోధన మండలి 1979లోనే రెండు నెలల స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ప్రవేశపెట్టింది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రం వేసవి ఫెలోషిప్ 1990లో మొదలైంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1995లో ఆరంభించిన ఫెలోషిప్‌ను 2007 నుంచి మూడు జాతీయ అకాడమీలు కలిసి నడిపాయి. మన దేశంలో నాడీశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ చదువు అరుదు. అందుకే ఈ రంగంలో శిక్షణకు వచ్చేవారు ఎక్కువగా జీవశాస్త్రం, ఇంజినీరింగ్, వైద్యం, మనస్తత్వశాస్త్రం చదివేవారే. 2007లో మొదలైన ఖొరానా కార్యక్రమం భారతీయ విద్యార్థులను అమెరికా ప్రయోగశాలలకు పంపింది.

ఫలితాలు

విజ్ఞాన శాస్త్రాలన్నింటికీ చెందిన డిగ్రీ విద్యార్థుల పరిశోధనానుభవంపై మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ లొపాటో 2004లో ఒక ఆన్‌లైన్ సర్వే ప్రచురించారు. 41 సంస్థలకు చెందిన 1,135 మందిలో 83 శాతానికి పైగా విజ్ఞాన శాస్త్రాల్లో పైచదువుల ఉద్దేశాన్ని కొనసాగించారు లేదా కొత్తగా ఏర్పరచుకున్నారు. 51 మంది ఆ ఆలోచన విరమించుకున్నారు. విరమించుకున్నవారు తాము నేర్చుకున్నదీ తక్కువేనని చెప్పారు. ఇవి విద్యార్థుల స్వీయ అంచనాలు కనుక, నైపుణ్యాన్ని నేరుగా కొలిచిన ఫలితాలుగా వీటిని తీసుకోలేం.