దిద్దుకున్న ముఖం

బొట్టు దిద్దుకుంటాం. మీసం దిద్దుకుంటాం. బడిలో పంతులుగారు పేపర్లు దిద్దుతారు. ఇంట్లో తాత మనవరాలి చేత ఓనమాలు దిద్దిస్తాడు. వ్యవహారం చెడితే పెద్దమనుషులు కూర్చుని చక్కదిద్దుతారు. గురువు శిష్యుణ్ణి తీర్చిదిద్దుతాడు. ఇన్ని చోట్ల తిరిగే ఈ చిన్న క్రియ బొమ్మల గురించి రాసేవాళ్ల కలంలోకి మాత్రం రావడం లేదు. రావాలని నా పట్టుదల.

ఒక చిత్రకారుడు ఇంకొకరి చిత్రాన్ని ఆధారం చేసుకుని తన బొమ్మ తనే వేసుకున్నాడనుకోండి. అందులో తన ముఖం ఎవరికీ అలవాటులేని వేషంలో ఉండవచ్చు, అసలు ముఖమే లేకపోవచ్చు. దాని గురించి తెలుగులో రాయబోతే చేతికి వెంటనే అందే మాటలు రెండు. నచ్చితే ‘స్ఫూర్తి’ అంటాం, నచ్చకపోతే ‘అనుకరణ’ అంటాం. రెండూ తీర్పులే. ఆ మనిషి కుంచె పట్టుకుని చేసిన పని ఏమిటో రెండూ చెప్పవు. ఆ పనికి పేరు మన పలకల మీద ఎప్పటి నుంచో ఉంది.

దిద్దు అంటే మొదటి అర్థం సరిచేయడం. తమిళంలో తిరుత్తు, కన్నడంలో తిద్దు, పాత కన్నడంలో తిర్దు దీనికి చుట్టాలు. అన్నిటా తప్పును ఒప్పు చేయడమనే అర్థం ఉంది. కన్నడ పిల్లలు కూడా మన పిల్లల్లాగే అక్షరాలు తిద్దుతారు. రాసి ఉన్న అక్షరం మీద మళ్లీ రాయడాన్ని ‘సరిచేయడం’ అనే మాటతోనే చెప్పుకోవడం గమనించదగ్గ సంగతి. పంతులుగారు రాసిన అక్షరంలో తప్పేమీ లేదు. మరి పిల్ల దేన్ని సరిచేస్తోంది? తన చేతిని. పైన కనిపించేది అక్షరమే గాని, కుదురుకుంటున్నవి వేళ్లు.

దగ్గర కూర్చుని చూస్తే ఇంకొకటి కూడా తెలుస్తుంది. పలక మీద పెద్దగా ‘అ’ రాసి ఉంటుంది. పిల్ల బలపం పట్టుకుని దాని మీద తిప్పడం మొదలెడుతుంది. మొదటిసారి గీత బయటికి పోతుంది. రెండోసారి మెలిక దగ్గర లోపలికి నొక్కుకుపోతుంది. అలా తిప్పగా తిప్పగా అక్షరం లావెక్కుతుంది. కాసేపటికి పంతులుగారి సన్నని గీత ఆ తెల్లటి పొడి కింద ఎక్కడో ఉంటుంది, కంటికి కనిపించదు. పైన ఉన్నదంతా పిల్ల చేతి వంకరే. అప్పుడు ‘ఏదీ, నువ్వు రాసింది చూపించు’ అంటారు పెద్దలు. ‘పంతులుగారు రాసింది చూపించు’ అని ఎవరూ అనరు. పై అక్షరం పిల్లదైపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు.

కింద ఉన్న ఆ సన్నని గీతకు తెలుగులో పేరు ఒరవడి. వరవడి అని కూడా అంటారు. దిద్దడానికి పెట్టిన మాదిరి అని దాని అసలు అర్థం. ఇప్పుడు పత్రికల్లో ఈ మాట వేరే దారి పట్టింది. ‘కొత్త ఒరవడి సృష్టించాడు’ అని రాస్తున్నాం. మాదిరిని చూసి రాయడం నుంచి మాదిరిగా నిలవడం దాకా వచ్చిందన్నమాట. దీన్ని చెడిన వాడుక అనుకోను. ఒరవడి దిద్దిన చెయ్యి రేపు ఇంకొకరికి ఒరవడి పెడుతుంది. ఆ రెండు చివరలనూ ఒకే మాట పట్టుకుంది.

ఇక ‘తన బొమ్మ’ సంగతి. స్వీయచిత్రం అనేది ఇంగ్లీషు మాటకు సరిజోడుగా సంస్కృతంతో కట్టుకున్న సమాసం. మంచి మాటే, నిలబడింది కూడా. కానీ వీధిలో మనం అలా అనం. ‘తన బొమ్మ తనే వేసుకున్నాడు’ అంటాం. ఆ ‘కొను’లోనే స్వీయం అంతా ఉంది. వేయడం ఎవరికోసమైనా కావచ్చు, వేసుకోవడం తనకోసమే. శ్రీకాకుళం, విజయనగరం వైపు దీనికి ఇంకో మెలిక ఉంది. అక్కడ ‘వచ్చీసినాడు’, ‘తినీసినాడు’ అన్నట్టే ‘గీసీసుకున్నాడు’ అంటారు. పని పూర్తయిందనీ, అది తనదైందనీ రెండూ ఒక్క క్రియలో వచ్చేస్తాయి. దిద్దుకు కొను చేరితే దిద్దుకోవడం. బొట్టు దిద్దుకునే ఆవిడ చేసేది అదే. ఎదురుగా అద్దం, వేలి కొసన కుంకుమ, మనసులో అమ్మ నుదుట చూసిన గుండ్రం. వేలు తనది, నుదురు తనది, గుండ్రం మటుకు అమ్మది.

తూర్పు భాగవతంలో భామ వేషం కట్టే మగవాడిని చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పుట్టి పెరిగిన ఈ ఆటకు భామాకలాపం ప్రాణం, మద్దెల ఊపిరి. సత్యభామ తెర దగ్గర నిలబడి తనెవరో తనే చెప్పుకోవాలి. అంతకు ముందు వేషగాడు దీపం దగ్గర కూర్చుని, ముఖానికి రంగేసుకుని, కనుబొమ్మలు దిద్దుకుంటాడు. ఆ కనుబొమ్మ వంపు గురువు నుంచి వచ్చింది, గురువుకు ఆయన గురువు నుంచి వచ్చింది. అయినా ఇద్దరు వేషగాళ్ల భామలు ఒక్కలా ఉండవు. ఒకడి దవడ ఎముక రంగు కిందనుంచి పైకి వస్తుంది, ఇంకొకడి కంటి కింద ముడత నవ్వులో పడుతుంది. సొంత ముఖాన్నే పలకగా చేసుకుని, పరాయి ఒరవడి మీద దిద్దుకున్న బొమ్మ అది. ఆట అయ్యాక కడిగేస్తాడు గనక దాన్ని చిత్రమని మనం లెక్కలో వేయలేదు.

గోడకు తగిలించే చిత్రాల్లో ఈ పనికి మన దేశంలో నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం అమృతా షేర్‌గిల్ 1934లో పారిస్‌లో వేసిన ‘తాహితీ స్త్రీగా స్వీయచిత్రం’. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు. తండ్రి పంజాబీ సిక్కు, తల్లి హంగేరీ దేశస్థురాలు. చిత్రకారుడు పాల్ గోగాఁ తాహితీ అనే పసిఫిక్ ద్వీపానికి పోయి అక్కడి స్త్రీల బొమ్మలు వేసి 1903లోనే చనిపోయాడు. పారిస్‌లో చిత్రకళ నేర్చుకునేవాళ్లకు ఆ బొమ్మలు అప్పటికి ఒరవడి. అమృత ఆ స్త్రీల స్థానంలో తనను నిలబెట్టుకుంది. ఒంటి పైభాగం మీద బట్ట లేదు, నడుముకు తెల్లటి గుడ్డ, చేతులు ముందుకు వచ్చి ఒకదాని మీద ఒకటి ఆనుకున్నాయి. చూపు మన వైపు లేదు. పక్కకు, దేన్నో తప్పించుకున్నట్టు చూస్తోంది. వెనక ఒక మగవాడి నీడ పడి ఉంది.

ఆ నీడ దగ్గరే నేను ఎప్పుడూ ఆగిపోతాను. గోగాఁ బొమ్మల్లో చూసేవాడు చట్రానికి బయట ఉంటాడు, మనకు కనపడడు. అమృత బొమ్మలో ఆ చూసేవాడు నీడై లోపలికి వచ్చి పట్టుబడ్డాడు. పైగా తాహితీ స్త్రీల చేతిలో కుంచె ఉండేది కాదు. ఇక్కడ కూడా ఆమె చేతుల్లో కుంచె లేదు, కానీ ఈ బొమ్మ వేసిన కుంచె ఆమెదే. గోగాఁ గీత మీదే గీసింది, గీస్తూ గీస్తూ దాన్ని సరిచేసింది. ‘దిద్దు’కు ఉన్న రెండు అర్థాలూ ఒక్క బొమ్మలో ఇంత నిండుగా కలవడం అరుదు. దీన్ని అనుకరణ అంటే అన్యాయం. స్ఫూర్తి అంటే చాలదు, ఎందుకంటే స్ఫూర్తి పొందినవాళ్లు తమ ఒరవడితో పోట్లాడనక్కరలేదు. మూడేళ్లకు, దక్షిణాదిలో తిరిగి అజంతా గుహలు కళ్లారా చూసి వచ్చాక, 1937లో ఆమె పెళ్లికూతురి అలంకరణ వేసింది. అప్పటికి ఒరవడే మారిపోయింది.

ముఖం లేని స్వీయచిత్రం కూడా ఒకటి చెప్పుకోవాలి. చార్లెస్ డికెన్స్ 1870 జూన్‌లో చనిపోయినప్పుడు ల్యూక్ ఫైల్డ్స్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఆయన రాతబల్ల ముందు ఖాళీగా మిగిలిన కుర్చీని గీశాడు. ‘ది గ్రాఫిక్’ పత్రిక ఆ ఏడాది క్రిస్మస్ సంచికలో దాన్ని అచ్చు వేసింది. విన్సెంట్ వాన్ గోకు ఆ అచ్చుబొమ్మంటే ప్రాణం. 1888 చివర్లో, ఆర్ల్‌లో గోగాఁతో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు, తన కుర్చీ బొమ్మ వేశాడు. ఎర్రటి పెంకుల నేల, తుంగతో అల్లిన పీఠం ఉన్న మొరటు చెక్క కుర్చీ, దాని మీద పైపు, పొగాకు పొట్లం. వెనక మూలన మొలకలెత్తిన ఉల్లిపాయల పెట్టె, ఆ పెట్టె మీద ‘విన్సెంట్’ అని పేరు. మనిషి లేడు. కానీ ఆ కుర్చీని ఆయన స్వీయచిత్రంగా చదివేవాళ్లు చాలామంది, వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఫైల్డ్స్ గీత చనిపోయినవాడి ఖాళీని చూపింది. వాన్ గో దాని మీద దిద్దుతూ బతికున్నవాడి ఖాళీని చూపాడు. దానికి జోడుగా గోగాఁ కుర్చీని కూడా వేశాడు, రాత్రి వెలుగులో, కొవ్వొత్తీ పుస్తకాలూ పెట్టి.

ఉల్లిపాయల పెట్టె మీది ఆ పేరు చూసినప్పుడల్లా నాకు శ్రీకాకుళం గుర్తొస్తుంది. 1921 సెప్టెంబరు 10న అక్కడ పుట్టిన వడ్డాది పాపయ్యగారు ‘చందమామ’, ‘యువ’ అట్టల మీద వేసిన బొమ్మల మూల రెండే అక్షరాలు ఉండేవి: వ.పా. మనిషి సభలకూ సన్మానాలకూ దూరం. ఆ బొమ్మలను ఇంట్లో దాచుకున్న పాఠకుల్లో ఎక్కువమందికి ఆయన ముఖం తెలియదు, ఆ రెండక్షరాలే తెలుసు. రవివర్మ అచ్చుబొమ్మలు ఇంటింటి గోడ మీదా వేలాడిన కాలంలో పెరిగిన చెయ్యి ఆయనది. పురాణ స్త్రీకి ఒక ముఖం, ఒక నిలువు రవివర్మ ముందే గీసిపెట్టాడు. పాపయ్యగారు ఆ ఒరవడి మీదే మొదలుపెట్టి, దానికి లేని నడకను, నీలాన్ని, మబ్బు వెలుగును దిద్దారు. వ.పా. బొమ్మ అని సంతకం చూడకుండానే చెప్పగలం. అంటే ఒక విధంగా ప్రతి అట్ట మీదా ఆయన తనను తాను వేసుకున్నారనే నా నమ్మకం.

విజయనగరంలో అంట్యాకుల పైడిరాజుగారిదీ (1919–1986) ఇలాంటి దారే. మద్రాసు చిత్రకళా పాఠశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర నేర్చుకుని, ఊరికి తిరిగొచ్చి తనే ఒక చిత్రకళాశాల నడిపారు. ఒరవడి దిద్దినవారు ఒరవడి పెట్టేవారయ్యారు.

ఆ ఊరిలోనే ఈ మాటను శాశ్వతం చేసిన మనిషి గురజాడ అప్పారావుగారు. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఆయన కథ పేరు ‘దిద్దుబాటు’. రాత్రిళ్లు భోగం పాటలకు తిరిగే భర్తను, చదువుకున్న భార్య ఒక ఉత్తరంతో దారికి తెస్తుంది. అక్షరాలు దిద్దిన చెయ్యే మొగుణ్ణి దిద్దిందన్నమాట. కథ పేరులో ఉన్న వ్యాకరణం కూడా చూడండి. కట్టుబాటు, సర్దుబాటు, తడబాటు మాటల్లో ఉన్న ‘బాటు’ పడు నుంచి వచ్చిన పాటే. దిద్దుబాటు అంటే దిద్దబడడం, ఒకరి చేతిలో పడి సరికావడం. దిద్దుకోవడంలో ఆ చెయ్యి తనదే అవుతుంది. చిన్నకథ అనే రూపం గురజాడకు ఇంగ్లీషు చదువు ద్వారా వచ్చింది. దాని మీద ఆయన విజయనగరం ఇళ్లలో వినిపించే మాటలతో దిద్దుకున్నారు. ఆ కథ మొదట అచ్చయిన రూపం వేరు, తర్వాత చాలా కాలం మనం సంకలనాల్లో చదివిన రూపం వేరు. ఆ దిద్దుబాటు మటుకు జరగకుండా ఉండాల్సింది. ఒకరి గీతను దిద్దినప్పుడు దిద్దింది తామని చెప్పి, తమ పేరు కింద పెట్టుకోవాలి. చెప్పకుండా దిద్దితే కింది గీతకూ పై గీతకూ ఇద్దరు యజమానులున్నారని చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

బొమ్మలకూ అదే నియమం. ఒరవడి ఎవరిదో చెప్పి దిద్దుకున్నవాణ్ణి నకలుగాడు అనకూడదు. చెప్పకుండా దిద్దుకున్నవాణ్ణి అనవచ్చు.

అసలు మనిషి ముఖం విషయంలో మన భాష ముందునుంచీ ఇదే అంటోంది. పురిటి గదిలో బిడ్డను చూసి మొదట వచ్చే మాట ‘ఎవరి పోలిక?’ అని. అచ్చుగుద్దినట్టు తాతే అంటారు, కళ్లు మాత్రం మేనత్తవి అంటారు. పుట్టిన ముఖానికే ఒరవడి ఉందని ఒప్పుకున్న జాతి, గీసుకున్న ముఖానికి ఒరవడి ఉంటే తప్పు పట్టనక్కరలేదు.

ప్రదర్శనశాలలో బొమ్మ కింది చీటీ మీద స్వీయచిత్రం అనే ఉండనివ్వండి. తెలుగులో చిత్రకళ గురించి రాసేవారికి నా విన్నపం మాత్రం ఇది: ఇంకొకరి బొమ్మను ముందు పెట్టుకుని ఎవరైనా తమను తాము వేసుకుంటే, స్ఫూర్తి పొందారనీ అనుకరించారనీ రాయకండి. ఎవరి ఒరవడి మీద దిద్దుకున్నారో, దిద్దుతూ దేన్ని సరిచేశారో రాయండి.