పందిరి కింద దూరిన ట్రాక్టర్లు

పెద్ద అంబర్‌పేట అంటే ఇప్పుడు ఎవరికైనా ఔటర్ రింగ్ రోడ్డు జంక్షనే మనసులో మెదులుతుంది. ఒకప్పుడు ఇటు హయత్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డు పొడుగునా అక్కడక్కడ ద్రాక్ష తోటలుండేవంటే మా కాలనీ పిల్లలు నవ్వుతారు. నా దగ్గర ఆ తోటల ఫొటో ఒక్కటీ లేదు. ఆ తోటల్లో దున్నిన బండ్లు మాత్రం ఉన్నాయి. నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత టిల్లర్లు, చిన్న ట్రాక్టర్లు బాగు చేసుకుంటూ కూర్చుంటాను. కొన్ని తూకానికి పోతుంటే అడ్డుపడి తెచ్చుకున్నవి, కొన్ని ఎవరో వదిలేసి మళ్లీ రానివి. ఇంట్లోవాళ్లు దీన్ని ఖర్చు అంటారు. వాళ్ల లెక్క కూడా తప్పేం కాదు.

హైదరాబాద్ ద్రాక్ష కథ అనాబెషాహీతో మొదలవుతుంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన ఆ రకాన్ని ఇక్కడికి తెచ్చాడని చెబుతారు. పొడుగు కాయ, తెల్లటి రంగు, లోపల గింజ. తర్వాత గింజ లేని థాంప్సన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. 1970, 80ల నాటికి నగరం చుట్టూ రంగారెడ్డి జిల్లాలో ఈ సాగు బాగా పెరిగింది. ఎకరా దిగుబడిలో మన రైతుల పేరు దేశమంతా తెలిసింది. ఈ తోటల ప్రాణమంతా పందిరిలోనే. రాతి కడీలు పాతి, వాటి మీద నిలువుగా అడ్డంగా జి.ఐ. తీగలు లాగి, ఆరేడడుగుల ఎత్తున తీగను పాకిస్తారు. మనిషి చేయి చాపితే గుత్తి అందుతుంది. మామూలు ట్రాక్టరు మాత్రం దాని కింద దూరదు. నిలువు పొగగొట్టం తీగలకు తగులుతుంది, నడిపేవాడి తల అంతకన్నా ముందే తగులుతుంది.

అసలు ఆ రోజుల్లో పెద్ద ట్రాక్టరు దొరకడమే గగనం. ఐషర్ వాళ్లు 1959లో ఫరీదాబాద్‌లో మన దేశంలో తొలి ట్రాక్టరు తయారు చేశారు. మద్రాసు టాఫే, ఎస్కార్ట్స్, మహీంద్రా వెనకాలే వచ్చాయి. అయినా గిరాకీ ముందు తయారీ ఏ మూలకూ సరిపోలేదు. ప్రభుత్వం ధర కట్టడి చేసింది, కొనేవాడు పేరు రాయించుకుని ఏళ్లకొద్దీ ఎదురుచూశాడు. 1968లో పుట్టిన అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్ లాంటివి విదేశీ ట్రాక్టర్లు తెప్పించి రైతులకు ఇచ్చేవి. 1971లో హెచ్.ఎం.టి. పింజోర్‌లో చెక్ కంపెనీ జెటార్ సాయంతో 25 హార్స్‌పవర్ 2511 మొదలుపెట్టింది. అది కూడా పందిరి కిందికి రావాలంటే కోత పెట్టాల్సిందే.

ఆ సందులో దూరింది జపాన్ టిల్లర్. 1960, 70లలో జపాన్ కంపెనీల తోడుతో మన దేశంలో చాలాచోట్ల వీటి తయారీ మొదలైంది. కాన్పూర్‌లో సాటో, బెంగళూరు వి.ఎస్.టి.తో మిత్సుబిషి, కేరళలో 1973లో పుట్టిన కామ్కోతో కుబోటా. మన హైదరాబాద్‌లోనే కృషి ఇంజన్స్ అనే కంపెనీ ‘కృషి’ పేరుతో టిల్లర్లు చేసింది. ఈ సంగతి నగరంలో పుట్టి పెరిగినవాళ్లకు కూడా తెలియదు. హెచ్.ఎం.టి. వాచీ గురించి గంటసేపు చెప్పేవాళ్లు కృషి టిల్లర్ అంటే మొహం చూస్తారు. జపాన్‌లో ఈ బండి పుట్టింది వరి మడి కోసం. మా దగ్గర కూడా చెరువు కింద రైతులు కరిగెట చేయడానికే ముందు కొన్నారు. తోటలవాళ్లు దాని ఎత్తు చూసి కొన్నారు. నడుము దాటని బండి, వెనక నడిచే మనిషి. పందిరికి ఇంకేం కావాలి?

ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజను, అది కూడా అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని పుల్లీ నుంచి వి-బెల్టులు క్లచ్చుకు పోతాయి, అక్కడి నుంచి గేర్లు, చక్రాలు, వెనక రోటరీ బ్లేడ్లు. సెల్ఫ్ ఉండదు, హ్యాండిల్ కొట్టి లేపాలి. డీకంప్రెషన్ లివర్ ఎత్తి పట్టుకుని తిప్పడం, వేగం అందగానే వదలడం. ఆ క్షణం తెలియనివాడికి మణికట్టు బెణుకుతుంది. ఒక్కో చక్రానికి ఒక్కో స్టీరింగ్ క్లచ్చు. ఎడమ చేతి లివర్ నొక్కితే ఎడమ చక్రానికి పవర్ ఆగి, బండి ఎడమకు తిరుగుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ట్రాలీ తగిలించుకుని దిగుడులో పోతున్నప్పుడు అదే లివర్ నొక్కితే బండి కుడికి పోతుంది. దిగుడులో ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది కదా, క్లచ్చు వదిలిన చక్రం స్వేచ్ఛగా ముందుకు ఉరుకుతుంది, రెండోది వెనకబడుతుంది. మొన్న ఒక కుర్రాడు సర్వీసు రోడ్డు దిగి వచ్చి, “తాతా, ఎడమ నొక్కితే కుడికి పోతుందేంది, బండి ఖరాబైందా?” అన్నాడు. “బండి మంచిగనే ఉంది బిడ్డా. దిగుట్ల లివర్ ముట్టకు, హ్యాండిలు బలంగ పట్టి తిప్పు” అన్నాను. పాత డ్రైవర్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇప్పుడు టిల్లర్ కొనేవాడికి ఎవరు చెబుతున్నారో నాకు అనుమానమే.

మా బాపు తోటలో పని చేసేవాడు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకో కత్తిరింపు. రెండింటి వెనక సాళ్ల మధ్య దున్నుడు, ఎరువు, ఆ తర్వాత మందు కొట్టుడు. ద్రాక్షకు బూజు తెగులు పెద్ద శత్రువు. కిలో మైలతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు కలిపే బోర్డో మిశ్రమం దానికి పాత మందు. 1880లలో ఫ్రాన్సులో బోర్డో ద్రాక్ష తోటల దగ్గర కనిపెట్టింది మా పల్లె దాకా అదే పేరుతో వచ్చింది. టిల్లర్ ఇంజనుకే బెల్టు తగిలించి పంపుతో పిచికారీ చేసేవారు. అందుకే నా షెడ్డుకు పాత బండి ఏదైనా వస్తే ముందు పెయింటు చూడను. గేర్ బాక్సు కింద, బోల్టుల సందుల్లో వైరు బ్రష్షుతో గీకుతాను. నీలం, ఆకుపచ్చ కలిసిన పొర రాలితే అది తోట బండి. ఎర్రమట్టి గట్టిపడి ఉంటే మెట్ట చేను. నల్లటి బురద సీలు లోపలి దాకా దూరి, యాక్సిల్ మీద పెద్ద ఇనుప చక్రాలు బిగించిన గుర్తులుంటే చెరువు కింద మడి. రెవెన్యూ ఆఫీసు పహాణీలో ఏం రాసుందో నాకు తెలియదు. బండి ఎక్కడ పని చేసిందో బండే చెబుతుంది.

తోట బండ్లకు చేసిన మార్పులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. ట్రాక్టరు పొగగొట్టాన్ని కోసి, వంచి, పక్కగా కిందికి దించేవారు. వెనక చక్రాల డిస్కులు తిరగేసి బిగిస్తే రెండు చక్రాల మధ్య వెడల్పు తగ్గి సాళ్లలో పడుతుంది. మడ్‌గార్డులు కోసేవారు. సీటు కింది స్ప్రింగు తీసేసి నేరుగా బిగించేవారు. నడిపేవాడి నడుం సంగతి ఎవరు అడిగారు? కంపెనీలు ఇవన్నీ చేసిన చిన్న ట్రాక్టర్లు తర్వాత అమ్మాయి. మిత్సుబిషి శక్తి 18.5 హార్స్‌పవర్ మూడు సిలిండర్ల బండి మహారాష్ట్ర ద్రాక్ష తోటల్లో బాగా తిరిగింది. అది మా దాకా వచ్చేసరికి మా తోటలే తగ్గుముఖం పట్టాయి.

అమెరికాలో ఈ సైజు బండ్లది వేరే పుట్టుక. అక్కడ వీల్ హార్స్ 1946లో మొదలైంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కబ్ క్యాడెట్ 1961లో, జాన్ డీర్ 110 ఆ తర్వాత రెండేళ్లకు వచ్చాయి. ఇల్లు, ఇంటి ముందు పెద్ద పచ్చిక, దాన్ని కోయడానికి ఆదివారం ఎక్కి కూర్చునే బండి. వాటిని విప్పి, పాత రంగు మళ్లీ కొట్టి, బోల్టు బోల్టుకూ అసలు నంబరు వెతికే పిచ్చివాళ్లు అక్కడ వేలమంది. వాళ్ల పిచ్చి నాకు బాగా అర్థమవుతుంది. కొత్తలో ఎలా ఉందో అలాగే చేయాలన్న పట్టుదల మాత్రం నాకు ఎక్కదు. మన బండిని కొత్తలో ఉన్నట్టు చేస్తే దాని మీద సగం కథ చెరిగిపోతుంది. నేను ఇంజను బాగు చేస్తాను, వెల్డింగు అతుకులు అలాగే ఉంచుతాను.

ఆ అతుకుల్లో రెండో అధ్యాయం ఉంది. 1990ల నుంచి తోట మీద వచ్చే పైసలు ఒక లెక్క, నేల అమ్మితే వచ్చే పైసలు ఇంకో లెక్క. బోర్లలో నీళ్లు అడుగంటాయి, కూలి పెరిగింది, అటు వనస్థలిపురం, ఇటు హయత్‌నగర్ నుంచి లేఅవుట్లు పరుచుకుంటూ వచ్చాయి. 1996లో కాస్త ముందుకు రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. 158 కిలోమీటర్ల రింగ్ రోడ్డు మా ఊరి పక్కనే జాతీయ రహదారిని దాటింది. పందిళ్లు విప్పారు. రాతి కడీలు ప్లాట్ల హద్దులకు, కంచెలకు పోయాయి. టిల్లర్లు ఎక్కడికి పోవాలి? రోటరీ విప్పి మూల పడేశారు. ముందు భాగానికి ట్రాలీ తగిలించి ఇటుకలు, ఇసుక, కంకర మోయించారు. ఇంజను ఒక్కటే దించి కాంక్రీటు మిల్లర్ మీద ఎక్కించిన వాళ్లూ ఉన్నారు. నా దగ్గరున్న ఒక బండి కొక్కెం దగ్గర లారీ కమాను పట్టీ ముక్క వెల్డింగ్ చేసి ఉంది, ఎంత బరువు లాగించారో దాన్ని చూస్తే తెలుస్తుంది. గేర్ బాక్సు కింద మైలతుత్తం పొర, దాని మీద సిమెంటు పొర. ఒకే బండి తోటనూ దున్నింది, అదే తోటలో లేచిన ఇళ్లకు ఇటుకలూ మోసింది.

ఇలా బండిని అవసరానికి మలుచుకోవడం మన దగ్గరే ఉందని కాదు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లాలో మన్‌సుఖ్‌భాయ్ జగానీ 1994లో బుల్లెట్ మోటార్‌సైకిల్ వెనక చక్రం తీసి, నాగలి కట్టే బండిగా మార్చాడు. ఎడ్లకు మేత లేని కరువులో పుట్టిన ఆలోచన అది. ఆయనకు పేరొచ్చింది, పేటెంటు కూడా వచ్చింది. మా దిక్కు పొగగొట్టాలు వంచిన మేస్త్రీలకు ఏదీ రాలేదు. వాళ్ల పేర్లు బండ్ల మీద లేవు. మిగిలింది పనితనం ఒక్కటే. కొన్ని అతుకులు చూడగానే ఇది ఫలానా చేయి అని నాకు తెలిసిపోతుంది.

పార్టుల సంగతి అందరూ అడుగుతారు. బేరింగుల దగ్గర భయం లేదు. 6205 అంటే లోపల 25 మిల్లీమీటర్లు, బయట 52, ప్రపంచమంతా అదే కొలత. జపాన్ బండిలో ఊడితే రాణిగంజ్‌లో దొరుకుతుంది. ఆయిల్ సీళ్లు, వి-బెల్టులు కూడా అంతే. కష్టమంతా పిస్టన్, స్లీవు, నాజిల్ దగ్గర. స్లీవు లేతు మీద చేయిస్తాను, బోరు ఎక్కువ కొట్టించి దగ్గరి కొలత పిస్టన్ దించుతాను. మరీ మొండికేస్తే విజయవాడ ఆటోనగర్ పోయే బస్సెక్కుతాను. అక్కడ ఏ బండిదో తెలియని సామాను కుప్పలు పోసి ఉంటాయి. వెర్నియర్ జేబులో పెట్టుకుని పోవాలి, నోటితో అడిగితే లేదంటారు.

ఇప్పుడు మూడో అధ్యాయం నడుస్తోంది. లేఅవుట్లు దాటి ఇంకా తూర్పుకు పోతే నగరంవాళ్ల ఫామ్‌హౌసులు. జామ, మామిడి, డ్రాగన్ ఫ్రూట్, మధ్యలో పచ్చిక. వాళ్లకు చిన్న ట్రాక్టరు కావాలి. మహీంద్రా వాళ్లు 2023లో విడుదల చేసిన ఓజా చిన్న ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి, వాటి వెనక కూడా జపాన్ మిత్సుబిషి చేయి ఉంది. కొత్తది కొనలేనివాళ్లు, లేదా పాతది ముద్దుగా ఉందనుకునేవాళ్లు నా షెడ్డుకు వస్తున్నారు. మొన్న ఒకాయన పాత టిల్లర్ తెచ్చి, దీనికి గడ్డి కోసే బ్లేడు పెట్టమన్నాడు. నాకు సరదా పుట్టింది. రోటరీ నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తిరుగుతుంది, గడ్డి శుభ్రంగా తెగాలంటే బ్లేడు రెండు మూడు వేలు తిరగాలి. అందుకే గేర్ బాక్సు ముట్టకుండా ఇంజను పుల్లీ నుంచే వేరే బెల్టు లాగుతున్నాను. ఆయనకు ఎర్ర రంగు కావాలట, వచ్చే ఆదివారానికి కావాలట. రంగు ఆగుతుందని చెప్పాను. ముందు బ్లేడు చుట్టూ మూడు మిల్లీమీటర్ల రేకుతో గార్డు చేయాలి. ఆయన కొన్నది పాత ద్రాక్ష తోట. ఆ మట్టిలో జి.ఐ. తీగ ముక్కలు ఇంకా తేలుతూనే ఉన్నాయి, అంత వేగంలో ఒక్క ముక్క తగిలినా నడిపేవాడి కాలు ఉండదు.