రికార్డు అట్ట: బొమ్మ, సంగీతం, నిర్ణయాధికారం (1940–1979)

వ్యాససంగ్రహం:

గ్రామఫోన్ రికార్డుకు దుమ్ము, గీతలు తగలకుండా కాపాడటానికి పుట్టిన అట్ట ఇరవయ్యో శతాబ్దంలో ఒక స్వతంత్ర దృశ్యకళగా ఎదిగింది. పాశ్చాత్య శాస్త్రీయ, జనాదరణ సంగీతాలు, జాజ్, రాక్, పోస్ట్‌పంక్ శాఖలకు చెందిన కొన్ని ప్రసిద్ధమైన అట్టలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అట్టను అందం ఒక్కటే చూసి మెచ్చుకోవడం చాలదని, అది ఏ పరిమితిలో పుట్టింది, ఎవరి నిర్ణయంతో ఆ రూపం పొందింది అనేవి కూడా తెలిసినప్పుడే దాని విలువ పూర్తిగా బోధపడుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గ్రామఫోన్ రికార్డు, ఆల్బమ్, అట్ట, ముఖచిత్రం, జాజ్, రాక్, ముద్రణ.

1. ఉపోద్ఘాతం:

పుస్తకానికి ముఖచిత్రం ఎలాంటిదో రికార్డుకు అట్ట అలాంటిదని సాధారణంగా అనుకుంటాం. అయితే రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. పుస్తకం చదివేటప్పుడు ముఖచిత్రం కంటికి కనబడదు. రికార్డు వినేటప్పుడు మాత్రం చెవికే పని ఉంటుంది, కన్ను ఖాళీగా ఉంటుంది. ఎల్.పి. రికార్డు ఒక వైపు తిరిగే ఇరవై నిమిషాలకు పైబడిన కాలంలో శ్రోత చేతిలో ఉండేది ఆ అట్టే. అందువల్ల అది సంగీతానికి ముందు వచ్చే ప్రకటనగానే కాక, వినికిడికి తోడుగా కూడా పనిచేసింది.

ఈ వ్యాసంలో ప్రతి అట్టనూ మూడు ప్రశ్నలతో పరిశీలించడం జరిగింది. అట్ట సంగీతానికి చేసిన మేలు ఏమిటి? ఏ పరిమితి దానికి ఆ రూపం ఇచ్చింది? చివరి మాట ఎవరిది?

2. సమాధిరాయి నుంచి చిత్రఫలకానికి:

నిమిషానికి 78 సార్లు తిరిగే పాత ప్లేటు ఒక వైపున మూడు నుంచి ఐదు నిమిషాల సంగీతమే పట్టేది. ఒక సింఫనీ పూర్తిగా వినిపించాలంటే అనేక ప్లేట్లు కావాలి. వాటిని ఫొటోల ఆల్బమ్ మాదిరిగా ఒకే బైండులో కుట్టి అమ్మేవారు. ‘ఆల్బమ్’ అనే పేరు సంగీతానికి అలా అంటుకుంది. ఆ బైండ్లకు ముదురు రంగు అట్ట, దాని మీద సాదా అక్షరాలు తప్ప మరేమీ ఉండేవి కావు. వ్యాపార వర్గాలలో వాటిని ‘సమాధిరాళ్లు’ అని పిలిచేవారు.

ఈ పరిస్థితిని మార్చినవాడు అలెక్స్ స్టైన్‌వైస్ (1917–2011). న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన ఈ చిత్రకారుడు 1930ల చివరలో కొలంబియా రికార్డ్స్ సంస్థలో కళాదర్శకుడిగా చేరాడు. రోజర్స్, హార్ట్ జంట పాటల సంకలనం కోసం ఇంపీరియల్ థియేటర్ ముందున్న దీపాల బోర్డు మీది అక్షరాలను మార్పించి, ఆ బోర్డును ఫొటో తీయించి, దాన్నే అట్ట మీద అచ్చువేయించాడు. 1940లో వెలువడిన ఈ ఆల్బమ్‌ను బొమ్మ ఉన్న అట్టల చరిత్రకు ఆరంభంగా పరిగణిస్తారు. బీథోవెన్ ‘ఎరోయికా’ సింఫనీ రికార్డింగుకు బొమ్మ అట్ట వేసిన తరువాత అమ్మకాలు అనేక రెట్లు పెరిగాయని ఆనాటి పత్రికలు రాశాయి.

స్టైన్‌వైస్ గాయకుని ముఖాన్ని అచ్చువేసి సరిపెట్టలేదు. సంగీతపు నేపథ్యాన్ని, వాతావరణాన్ని సంకేతాలతో చూపడం ఆయన పద్ధతి. గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ అట్ట మీద చీకటి నగరం, వీధిదీపం వెలుగు, ఆ వెలుగులో పియానో కనిపిస్తాయి. సంగీతాన్ని అనువదించడం కాక, దాన్ని వినడానికి శ్రోతను సిద్ధం చేయడం అట్ట పని అనే సూత్రం ఇక్కడే స్థిరపడింది. 1948లో కొలంబియా సంస్థ ఎల్.పి. రికార్డును ప్రవేశపెట్టడంతో పన్నెండు అంగుళాల చదరం ఈ కళకు స్థిరమైన ఫలకం అయింది.

3. జాజ్ – పొదుపు నేర్పిన సౌందర్యం:

1939లో న్యూయార్క్‌లో మొదలైన బ్లూనోట్ ఒక చిన్న జాజ్ సంస్థ. దాని స్థాపకులలో ఒకడైన ఆల్‌ఫ్రెడ్ లయన్, కొద్దికాలానికే ఆయనతో చేరిన ఛాయాచిత్రకారుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్ నుంచి వచ్చినవారు. నాజీల పాలన నుంచి తప్పించుకొని వచ్చిన యూదుడు వుల్ఫ్. రికార్డింగు గదిలో వాద్యకారులు పనిలో నిమగ్నమై ఉన్నప్పుడు ఆయన తీసిన ఛాయాచిత్రాలే ఈ సంస్థ అట్టలకు ముడిసరుకు.

1950ల మధ్య నుంచి 1967 దాకా ఆ అట్టలను రూపొందించినవాడు రీడ్ మైల్స్. విశేషమేమిటంటే ఆయనకు జాజ్ మీద పెద్దగా ఆసక్తి లేదు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే ఇష్టం. సంగీతపు స్వభావాన్ని లయన్ మాటల ద్వారా తెలుసుకొని అట్ట వేసేవాడు. చిన్న సంస్థ కావడంతో చాలా అట్టలకు ఒకటి రెండు రంగులతోనే సరిపెట్టుకోవలసి వచ్చేది. మైల్స్ ఆ లోటునే శైలిగా మలచాడు. ఛాయాచిత్రాన్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించి, ఒకే రంగులో ముంచి, పెద్ద అక్షరాలకు చోటిచ్చాడు. 1957లో రికార్డయిన జాన్ కోల్‌ట్రేన్ ‘బ్లూ ట్రైన్’ అట్ట మీద నీలిరంగులో, పెదవుల దగ్గర చేయి ఉంచి ఆలోచనలో మునిగిన వాద్యకారుడు కనిపిస్తాడు. అతడు ప్రేక్షకుని వైపు చూడడు, నవ్వడు. నల్లజాతి కళాకారుడిని వినోదం పంచే మనిషిగా కాక ఆలోచించే మనిషిగా చూపడం ఈ అట్టల చారిత్రక విలువ.

4. 1967 – రెండు అట్టలు, రెండు భారతీయ చిత్రాలు:

రాక్ సంగీతంలో అట్ట ప్రాధాన్యాన్ని శిఖరానికి చేర్చినది బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన ‘సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’. అంతకు ముందు ఏడాదే వారు కచేరీ యాత్రలు మానుకొన్నారు. ఈ ఆల్బమ్‌లో వేరొక కల్పిత బృందంగా అవతరించారు. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అనే చిత్రకార దంపతులు రూపొందించిన అట్ట ఆ కల్పనకు దేహం ఇచ్చింది. రంగు దుస్తుల్లో నలుగురు, వారి వెనుక యాభైకి పైగా ప్రసిద్ధ వ్యక్తుల నిలువెత్తు బొమ్మలు ఉంటాయి. వెనుక అట్ట మీద పాటల సాహిత్యమంతా అచ్చువేశారు.

ఆ గుంపులో నలుగురు భారతీయ యోగులు ఉన్నారు. మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయ, శ్రీ యుక్తేశ్వర్ గిరి, పరమహంస యోగానంద – వీరు జార్జ్ హారిసన్ ఎంపిక. ఫొటో తీసినప్పుడు గాంధీజీ బొమ్మ కూడా అక్కడ ఉంది. అయితే భారతదేశంలో అది అవమానంగా భావించబడుతుందని ఇ.ఎం.ఐ. సంస్థ అధిపతి సర్ జోసెఫ్ లాక్‌వుడ్ అభ్యంతరం చెప్పడంతో దాన్ని చెరిపివేశారు. ఇ.ఎం.ఐ.కి కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌లో కర్మాగారం, భారతదేశమంతటా మార్కెట్ ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అదే ఏడాది డిసెంబరులో జిమీ హెండ్రిక్స్ బృందపు ‘యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ వెలువడింది. దాని అట్ట మీద ఉన్నది విష్ణు విశ్వరూపం. మన ఇళ్లలో గోడలకు, పూజామందిరాలలో కనిపించే క్యాలెండర్ పటాల వంటి పటం అది. అందులో దేవుని ముఖాల చోట హెండ్రిక్స్, ఆయన తోటి వాద్యకారుల ముఖాలు చేర్చారు. ఈ ఎంపిక హెండ్రిక్స్‌ది కాదు. తన వంశమూలాలతో సంబంధమున్న అమెరికా ఆదివాసీ సంప్రదాయం అట్ట మీద ఉంటే బాగుండేదన్నది ఆయన అభిప్రాయం.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. సంగీతకారులు కోరుకున్న గాంధీజీ బొమ్మ పోయింది, సంగీతకారుడు కోరుకోని విశ్వరూపం వచ్చింది. రెండు సందర్భాలలోనూ చివరి మాట సంగీతకారులది కాదు. ఒకచోట మార్కెట్ మీది భయం, మరొకచోట తూర్పు దేశాల చిత్రాల పట్ల ఆనాటి మోజు నిర్ణయం తీసుకొన్నాయి. విశ్వరూపం అట్టను మెచ్చుకొనే చాలామందికి అసలు పటాన్ని చిత్రించిన చేయి ఎవరిదన్న ప్రశ్నే తట్టదు.

5. పేరు లేని అట్ట:

1979లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన జాయ్ డివిజన్ బృందపు ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ముందు అట్ట మీద బృందం పేరు గాని, ఆల్బమ్ పేరు గాని లేవు. నల్లని నేల మీద కొండల వరుసల్లా కనిపించే తెల్లని గీతలు మాత్రమే ఉన్నాయి. అవి 1967లో జోస్లిన్ బెల్ కనుగొన్న మొట్టమొదటి పల్సార్ నుంచి వరుసగా అందిన రేడియో స్పందనల రేఖాచిత్రం. హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఖగోళ పరిశోధకుడు కార్నెల్ విశ్వవిద్యాలయానికి 1970లో సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో ఆ చిత్రం ఉంది. ఆ తరువాత ఒక ఖగోళ విజ్ఞానసర్వస్వంలో అచ్చయింది. బృంద సభ్యుడు బెర్నార్డ్ సమ్నర్ దాన్ని అందులో చూసి ఎంచుకొన్నాడు. రూపకర్త పీటర్ సావిల్ తెల్లని కాగితం మీది నల్లని గీతలను తారుమారు చేసి నలుపు మీద తెలుపుగా మార్చాడు.

ఇక్కడ ఎంపిక సంగీతకారులదే. చిత్రానికీ పాటలకూ అర్థపరమైన సంబంధం లేకపోయినా, దూరం నుంచి, చీకటి నుంచి లయబద్ధంగా వచ్చే సంకేతం అనే భావం ఆ సంగీతానికి సరిగ్గా అతికింది. అయితే ఆ చిత్రాన్ని గీసిన శాస్త్రవేత్తకు తన పని రికార్డు అట్టగా మారిన సంగతి ఎప్పటికో గాని తెలియలేదు. విశ్వరూపం అట్ట దగ్గర లేచిన ప్రశ్న మరో రూపంలో ఇక్కడా ఎదురవుతుంది.

6. ముగింపు:

• గుర్తుండిపోయే అట్ట సంగీతాన్ని వివరించదు, వినడానికి శ్రోతను సిద్ధం చేస్తుంది. స్టైన్‌వైస్ నుంచి సావిల్ వరకు ఈ సూత్రం మారలేదు.

• డబ్బు, రంగులు, మార్కెట్ భయాలు అట్ట రూపాన్ని నిర్ణయించాయి. బ్లూనోట్‌లో పరిమితి కళకు మేలు చేసింది, గాంధీజీ విషయంలో ఒక బొమ్మను మాయం చేసింది.

• 1982లో వచ్చిన సి.డి.తో అట్ట విస్తీర్ణం దాదాపు ఏడో వంతుకు తగ్గింది. ఫోను తెర మీద అది గోరంత అయింది. ముందు బొమ్మ ఏదో విధంగా మిగిలినా, వెనుక అట్ట మీది వాద్యకారుల పేర్లు, వ్యాఖ్యలు, ముద్రణ వివరాలు చాలా సందర్భాలలో కనుమరుగయ్యాయి.

• ఈ నష్టం తెలుగు పరిశోధకులకూ సంబంధించినదే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత ఎల్.పి. రికార్డులు విననివారు మనలో అరుదు. వాటి అట్టలను ఎవరు రూపొందించారని అడిగేవారు అంతకంటే అరుదు. పాత రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చేవారు ధ్వనితోపాటు అట్ట రెండు వైపులనూ భద్రపరచాలి. పాట మిగిలి అట్ట పోతే, ఆ పాట వెనుక పనిచేసిన చేతులలో కొన్నింటి సాక్ష్యం కూడా పోతుంది.