కలిపే చేయి నుంచి వివరించే మాట వరకు: ఫార్మసిస్టు శిక్షణ పరిణామం

పాతతరం వారు ఆసుపత్రిలో మందులిచ్చే వ్యక్తిని 'కాంపౌండరు' అనేవారు. డాక్టరు రాసిన చీటీ ప్రకారం మందులు నూరి, కలిపి, సీసాలో పోసి ఇవ్వడం అతని ప్రధాన విధి. 1948 నాటి ఫార్మసీ చట్టం ఈ వృత్తికి రిజిస్ట్రేషన్ ఏర్పరచింది. డిగ్రీ, డిప్లొమా గలవారితో పాటు అయిదేళ్లకు తగ్గకుండా మందులు కలిపిన అనుభవం ఉన్నవారికీ తొలి రిజిస్టరులో చోటు దక్కింది. అంటే చట్టం మొదట గుర్తించింది చేతి నైపుణ్యాన్ని.

క్రమంగా మందులు కర్మాగారాల నుంచే తయారై రాసాగాయి. కలిపే పని తగ్గి, వివరించే పని పెరిగింది. 2008లో ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు మొదలైంది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి సలహా చెప్పడాన్ని ఫార్మసిస్టు బాధ్యతల్లో చేర్చాయి. పునశ్చరణ శిక్షణనూ నిర్దేశించాయి.

అయితే అప్పటికే వృత్తిలో ఉన్నవారి సంగతేమిటి? మోస్రా వంటి మండల కేంద్రంలో ఒక్కడే దుకాణం నడిపే ఫార్మసిస్టు శిక్షణ కోసం నగరానికి వెళితే, ఆ రోజు ఊరివారికి మందు దొరకడం కష్టం. ఆన్‌లైన్ శిక్షణ ఈ చిక్కును తీర్చగలదు. కానీ దానికీ పరిమితి ఉంది. ఇన్సులిన్‌ను ఎలా భద్రపరచాలో వీడియో చూపగలదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ వినిపించే బోధన్ ప్రాంతంలో, చదువురాని వృద్ధురాలికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకోవడం మాత్రం ఎదుటి మనిషితో సాధన చేస్తేనే అలవడుతుంది. కాబట్టి పాఠం తెరపైన, అభ్యాసం కౌంటరు దగ్గర సాగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1948 చట్టం, 2015 నిబంధనల మధ్య ఫార్మసిస్టు పాత్ర ఎలా మారింది?