మొరకూ మొరుగుడుకూ మధ్య

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పల్లెల్లో, రాజుపాలెంలోనూ, కుక్క అరుపుకు ఒకే పేరు లేదు. కొత్త మనిషిని చూస్తే మొరుగుతుంది. కూటి దగ్గరకు ఇంకో కుక్క వస్తే గుర్రుమంటుంది. దెబ్బ తగిలితే కుయ్యిమంటుంది. రాత్రిపూట ఊళ వేస్తే "కుక్క ఏడుస్తాంది, ఎవరికో మూడింది" అంటారు. అలా మూడిన చావు కబురును ఊరూరూ మోసే వెట్టి మాత్రం ఒకప్పుడు మాలమాదిగలదే. అర్ధరాత్రి పొరుగూరి పొలిమేరలో వాళ్లకు ముందు ఎదురయ్యేది మళ్లీ కుక్కలే.

చెవితో విని పెట్టుకున్న ఈ మాటల్లో తప్పేం లేదు. వాటిని మనుషుల మీదికి తిప్పిన తీరే మనం చూడాల్సింది.

మొర, మొరుగు అనే మాటలు రూపంలో ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. రాజుకు మొర పెట్టుకుంటారు, దేవుడు మొర ఆలకిస్తాడు. అంటే మొరకు వినేవాడొకడు ఉంటాడు. మొరుగుడుకు అదిలించేవాడే ఉంటాడు. కూలి పెంచమనో, బాయిలో నీళ్లు తోడుకుంటామనో దళితులు నోరు తెరిస్తే "ఏందిరా మొరగతాండావ్" అన్నారు పెద్దకులాలవాళ్లు. ఇందులో తిట్టు సగమే. నువ్వు చెప్పింది మాటే కాదు, ఉత్త శబ్దం, దానికి జవాబు చెప్పే పని నాకు లేదు అనేది మిగతా సగం. "కుయ్యో మొర్రో అంటాండారు" అనే వెక్కిరింతా ఇటువంటిదే.

ఉసిగొల్పడం సంగతి వేరు. ఆ "ఉస్" కుక్క చేసే శబ్దం కాదు, యజమానిది. దాడి జరిగినప్పుడు కర్ర పట్టినవాడు కనపడతాడు, ఉస్ అన్నవాడు అరుగు మీదే కూర్చోనుంటాడు.

ఈ వాడుక వెనక శాస్త్రాలూ పురాణాలూ ఉన్నాయి. చండాలులకూ శ్వపచులకూ కుక్కలూ గాడిదలే ఆస్తి అని మనుస్మృతి పదో అధ్యాయం రాసింది. శ్వపచుడంటే కుక్కను వండుకునేవాడు. ఇక ఏకలవ్యుని కథ. దాన్ని గురుభక్తి పాఠంగా చెప్పే పంతుళ్లు పాండవుల కుక్క ఎందుకు మొరిగిందో చెప్పరు. నల్లటి ఒళ్లు, మట్టి, తోలుబట్ట, జడలు కట్టిన జుట్టు చూసి మొరిగిందని సంస్కృత భారతమే చెబుతోంది. నిషాదుడు దాని నోటిని బాణాలతో మూశాడు. చివరికి బొటనవేలు పోయింది అతనికే.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. నలుగురి ఎదుట కించపరచాలనే ఉద్దేశంతో అవమానిస్తే నేరమని మొదటినుంచీ అందులో ఉంది. కులం పేరుతో దూషించడం 2016 జనవరి 26 నుంచి విడిగా చేరింది. అయినా "కులం పేరెత్తి తిట్టినాడా?" అనే ప్రశ్నే ముందు వస్తుంది. అవమానం కులం కారణంగానే జరిగి ఉండాలని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "మొరగతాండావ్"లో కులం పేరు లేదు. కాబట్టి ఫిర్యాదులో దాన్ని "అసభ్యంగా తిట్టాడు" అని సర్దేయకూడదు. ఏ మాటకు బదులుగా, ఎవరి ముందు, ఏ యాసలో అన్నాడో ఉన్నదున్నట్టు రాయించాలి. వేరే కులంవాడు అదే కూలి అడిగినప్పుడు ఏమన్నాడో కూడా పక్కనే రాయించాలి.